చెవిన పడిన బంగారం

టార్నగుల్లా,
మే 4.

అమ్మడూ ఐల్సా,

మూడుసార్లు ఫోన్ చేశాననీ, ఒక్కసారీ ఎత్తలేదనీ నిష్ఠూరంగా రాశావు. ఈ ఊళ్లో సిగ్నల్ ఉండీ లేనట్టే ఉంటుందని చెప్పాను కదా. నువ్వు ఉత్తరాలే రాయి. నీ కోడిగీతల దస్తూరీ చూస్తే బల్లరాట్‌లో మన పియానోల కొట్టు వెనకగదిలో కూర్చున్నట్టే ఉంటుంది నాకు. ఈసారి నాది పెద్ద ఉత్తరం, తీరిగ్గా కూర్చుని చదువు. చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేంత సంగతి ఉంది. నాకు బంగారం దొరికింది.

నవ్వకు. కందిబద్దంతే ఉంది. కానీ బంగారం. నేను విన్నాను, నేను తవ్వాను, నా అరచేతిలో పెట్టుకున్నాను. ఈ ఉత్తరం రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్లి సీసాలో ఉందో లేదో చూసుకొచ్చాను.

మొదటినుంచి చెబుతాను. అక్టోబరులో కొట్టు నీ చేతికి అప్పగించి ఇక్కడికి వచ్చాక మొదటి నెల కంచెకి రంగు వేశాను. రెండో నెల ప్లమ్ పళ్లతో జామ్ చేశాను, తినేవాళ్లు లేక ఊరంతా పంచాను. మూడో నెల ఏం చెయ్యాలో తోచక పట్టపగలే మంచం ఎక్కడం మొదలుపెట్టాను. నలభై నాలుగేళ్లు ఊరూరా తిరిగి పియానోలు శ్రుతి చేసినదాన్ని. ఒక్కసారిగా చేతులు ఖాళీ అయితే ఎలా ఉంటుందో నీకు తెలియదు, ఇప్పుడప్పుడే తెలియకూడదు కూడా.

అలాంటి రోజుల్లో ఒకరోజు ఊళ్లో ఉన్న ఒకే ఒక్క దుకాణంలో పాలకోసం నిలబడ్డాను. పక్కన ఐస్‌క్రీములు పెట్టే ఫ్రిజ్ హోరు తేడాగా అనిపించింది. "దీని గొంతు మారింది. నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది, సరుకు తీసేసుకోండి" అన్నాను. దుకాణదారు నా జామ్ సీసాల వంకా నా వంకా చూసి, పాపం పెద్దావిడ అనుకున్నట్టున్నాడు. ఐదో రోజున ఫ్రిజ్ చచ్చింది, ఐస్‌క్రీములన్నీ పాయసమయ్యాయి. ఆ మర్నాడు సందుకి అవతలింటి మెర్విన్ ఆకీ మా గుమ్మంలో నిలబడ్డాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లు మాంసం కొట్టు నడిపి అమ్మేశాడు. ఇతని తాతకి తాత ఎప్పుడో బంగారంకోసం చైనానుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట.

"నీ చెవులు అద్దెకిస్తావా?" అన్నాడు.

"దేనికి?"

"ఆరేళ్లనుంచి డిటెక్టర్ పట్టుకుని ఈ అడవులన్నీ దువ్వుతున్నాను. నావి కసాయి చెవులు. కత్తి మొద్దుబారితే తెలుస్తుంది గానీ అంతకన్నా సన్నగా ఏదీ వినపడదు. నువ్వేమో ఫ్రిజ్ చావు కబురు నాలుగు రోజుల ముందే చెప్పావు. రా, వచ్చి విను. బంగారం దొరికితే నీ వాటా నీది, దొరక్కపోతే టీ నాది."

అలా మొదలైంది అమ్మడూ. ప్రభుత్వం దగ్గర ఒక కాగితం తీసుకుంటే చాలు, ఇక్కడి ప్రభుత్వ అడవిలో దొరికింది మనదే. నా పేరున ఆ కాగితం వచ్చిన రోజు దాన్ని అద్దం పక్కన అతికించాను. డిటెక్టర్ అంటే పొడుగు కర్ర చివర పళ్లెంలాంటిది, నేలలో లోహం ఉంటే పసిగడుతుంది. దాన్ని నేలకి ఆనీ ఆననట్టు అటూ ఇటూ ఊపుకుంటూ నడవాలి. చెవులకి హెడ్‌ఫోన్లు. వాటిలో ఎప్పుడూ ఒక హోరు నడుస్తుంటుంది, తంబురా శ్రుతిలా. మీట తిప్పి మనకి నచ్చిన స్థాయిలో పెట్టుకోవచ్చు. నేను బాగా కిందికి దించి పెట్టుకున్నాను. మెర్విన్ విని, "ఇది శ్రుతా, ఎద్దు గురకా?" అన్నాడు. పైపైన ఏదైనా ఉంటే కుక్క మొరిగినట్టు మోగుతుంది, అది ఎవరికైనా తెలుస్తుంది. లోతున ఉన్నది అరవదు. హోరు కాస్త వంగుతుంది, అంతే. రెండు తీగలు దాదాపు కలిసి, ఇంకా పూర్తిగా కలవనప్పుడు మధ్యలో ఒక అల లేస్తుంది చూడు, అలాంటిది.

మొదటి ఐదు వారాల్లో నేను తవ్వి తీసినవి చెబుతాను విను. తుపాకీ సీసపు గుళ్లు లెక్కలేనన్ని, గుర్రపు నాడాలు, బూటు మేకులు, ఒక సార్డీన్ డబ్బా మూత, ఎవరిదో పెళ్లికోటు గుండీ. ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది, ప్రతిసారీ మేకు వస్తుంది. అయినా మర్నాడు తెల్లారేసరికి బూట్లు వేసుకుని తయారు. ఈ వయసులో ఇంత ఆశ నాలో ఎక్కడ దాక్కుందో నాకే తెలియదు.

మొన్న మంగళవారం ఒక ఐరన్‌బార్క్ చెట్టు మొదట్లో, పలుగురాళ్ల మధ్య హోరు వంగింది. పళ్లెం వెనక్కి తెచ్చాను. మళ్లీ అక్కడే వంగింది. మెర్విన్‌ని పిలిచి హెడ్‌ఫోన్లు ఇచ్చాను.

"ఏమీ లేదు. పద, టీ చల్లారిపోతోంది" అన్నాడు.

"ఉంది."

"పియానమ్మా, అది నీ గుండె చప్పుడు."

"నువ్వు వెళ్లి టీ తాగు" అని తవ్వడం మొదలుపెట్టాను. పైన కంకర, దాని కింద ఎర్రమట్టి, దాని కింద పళ్లు బిగించి తవ్వినా ఊడని బంకమట్టి. మోచెయ్యి లోతుకి వెళ్లేసరికి ఆ వంపు కాస్తా మాటయింది. పిడికెడు మట్టి తీసి పళ్లెం మీద రాల్చాను. టిక్. వేళ్లతో పిసుకుతుంటే ఒక రవ్వ మిగతావాటికన్నా బరువుగా కిందికి జారింది. ఉమ్ము పెట్టి తుడిచాను. పసుపు. ఇత్తడి మెరుపు కాదు, ఆవు నెయ్యి పేరుకున్నట్టుండే పసుపు. ఏ మనిషి కన్నూ ఇంతవరకు పడని వస్తువు. నేల మీద చతికిలబడి ఏడ్చాను అమ్మడూ, మెర్విన్ టీ కప్పు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు, పాము కరిచిందనుకుని.

గొయ్యి పూడ్చి ఇంటికొచ్చాం. అప్పటినుంచి ఊళ్లో అందరికీ, "అరవై ఎనిమిదేళ్ల ముసలమ్మ చెవులు నా మిషన్‌కన్నా ఖరీదైనవి" అని చాటుతున్నాడు. నాకు ఎంత గర్వంగా ఉందో రాయలేను. నువ్వూ ఒకసారి రా. నీకు విసుగు పుట్టేదాకా సీసా చూపిస్తాను.

గోళ్లనిండా మట్టితో,
నీ గ్లెనిస్


టార్నగుల్లా,
జూన్ 19.

ఐల్సా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపాను. ఇదైనా పోస్టు డబ్బా దాకా వెళుతుందో లేదో.

ముందు మంచి సంగతి చెబుతాను, ఎందుకంటే అది నిజంగా మంచి సంగతి, దాని తర్వాత జరిగినదాంట్లో దాని తప్పేమీ లేదు. పోయిన బుధవారం మెర్విన్, నేనూ ఊరికి పడమటి పక్క పాత తవ్వకాల్లోకి వెళ్లాం. అక్కడ అడుగడుక్కీ నూటయాభై ఏళ్లనాటి గోతులు. కొన్ని పూడిపోయాయి, కొన్ని నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. అందుకే మెడలో చెరొక ఈల వేసుకుంటాం. ఎవరికి ఏం జరిగినా ఊదాలి, రెండోవాళ్లు పరుగెత్తాలి. అదీ మా ఒప్పందం. పన్నెండింటికి బండి దగ్గర కలుద్దామని, అతను తన డిటెక్టర్, నేను ఈమధ్యే కొనుక్కున్న నా డిటెక్టర్ పట్టుకుని చెరో వైపూ వెళ్లాం. మధ్య దూరం ఎంతో కాదు, కూతవేటు.

పదిన్నరకి నా హోరు వంగింది. ఈసారి వంపు కాదు, నిట్టూర్పు. పొడుగ్గా, మెత్తగా, ఒక్క అంగుళం కూడా కదలకుండా ఒకేచోట. హెడ్‌ఫోన్లు మెడలోకి లాక్కుని తవ్వాను. రాయి అడ్డొచ్చింది, గునపంతో పెకలించాను. ఇంకో రాయి. చేతులు బొబ్బలెక్కాయి. ఎంతసేపు తవ్వానో తెలియదు. చివరికి చెయ్యి పెడితే వేళ్లకి చల్లగా, నున్నగా, బరువుగా తగిలింది. బయటికి తీస్తే నా బొటనవేలంత ముద్ద, మధ్యలో పలుగురాయి ముక్క తెల్లగా కరుచుకుని. ఐల్సా, ఆ క్షణంలో నాకు పదహారేళ్లు. కంగారూల గుంపు ఒకటి చెట్లమధ్య నిలబడి చూస్తుంటే వాటికే చూపించాను. కోటు జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి తియ్యకుండా బండి దగ్గరికి వెళ్లాను. మెర్విన్ వచ్చాక ఏమీ ఎరగనట్టు టీ పోసి, చక్కెరకి బదులు దీన్ని ముందు పెట్టాలని పథకం.

పన్నెండయింది. పన్నెండుంపావయింది. మెర్విన్ తిండి వేళ తప్పే మనిషి కాదు. అప్పుడు లేచాను. అతని అడుగుజాడలు పట్టుకుని వెళితే డిటెక్టర్ ఒకటే నేలమీద పడి ఉంది. దాని పక్కన తుప్పలు విరిగి, మట్టి జారి, ఒక పాత గొయ్యి నోరు. దగ్గరికి పాక్కుంటూ వెళితే లోపల్నుంచి బొంగురు గొంతు వినపడింది.

"వచ్చావా. కాఫీ, కేకూ అన్నీ అయ్యాయా?"

రెండు నిలువుల లోతున, మట్టి అంచు మీద కూర్చుని ఉన్నాడు. కాలు వంగకూడని చోట వంగి ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది.

"మెర్విన్, ఎంతసేపయింది?"

"పదిన్నరనుంచి. ఊపిరి ఉన్నంతసేపూ ఊదుతూనే ఉన్నాను. నీకేమైనా చెవుడా పియానమ్మా?"

అతను ఎగతాళికే అన్నాడు. నొప్పిని పళ్లబిగువున ఆపుకుంటూ కూడా నన్ను నవ్వించాలని అన్నాడు. నేను ఏం జవాబిచ్చానో తెలుసా? "హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాను" అన్నాను. అవి నా మెడలో ఉన్నాయి ఐల్సా. గంటన్నర మెడలోనే ఉన్నాయి.

కోటు తీసి కిందికి జారవిడిచి, సిగ్నల్ కోసం దిబ్బ ఎక్కాను. అత్యవసర నంబరుకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి గొంతు ఏదో అడిగింది. ఒక్క మాట అర్థం కాలేదు. మళ్లీ అడిగింది, మళ్లీ అర్థం కాలేదు. చివరికి నేనే దారి, మలుపు, గొయ్యి, విరిగిన కాలు, ఇవన్నీ గట్టిగా అరిచి, మళ్లీ మొదటినుంచి అరిచి, అలా ఆరేడుసార్లు అరిచాను. ఆ పిల్ల మంచిది, తెలివైంది. ఊరి సహాయదళం వాళ్లు ముప్పావుగంటలో తాళ్లు వేసుకుని వచ్చారు. మెర్విన్‌ని పైకి లాగి, కాలికి కట్టు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎముక రెండుచోట్ల విరిగింది. ఇంకో రెండు గంటలు ఆ జూన్ చలిలో ఉంటే ఏమయ్యేదో డాక్టరు అతనితో చెప్పాడట. అతను ఊరందరితో, "గ్లెనిస్ నా ప్రాణం కాపాడింది" అంటున్నాడు. నిన్న దుకాణంలో నా పాలకి ఎవరూ డబ్బు తీసుకోలేదు. పాలు తెచ్చి, తాగలేక పారబోశాను.

ఇప్పుడు అసలు సంగతి. నీకు రాయాల్సింది ఇదే, ఎనిమిది నెలలుగా రాయనిదీ ఇదే. నాకు పైస్థాయి సన్నని శబ్దాలు వినపడవు. ఎనిమిదేళ్లయింది మొదలై. మొదట పిచ్చుకల్లాంటి చిన్న పిట్టలు పోయాయి, వాటిని పిల్లులు తినేశాయనుకున్నాను. తర్వాత పియానో తారస్థాయి మెట్లు పోయాయి. సుత్తి తీగకి తగిలిన చెక్క చప్పుడు వినపడుతుంది, స్వరం వినపడదు. ఆఖరి ఏళ్లల్లో ఆ పైమెట్లని చేతి అలవాటు మీద, ఊహ మీద బిగించేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు గనక బాగానే ఉన్నాయని నాకు నేను చెప్పుకున్నాను. కింది స్వరాలకి మాత్రం ఢోకా లేదు. ఫ్రిజ్ హోరు, డిటెక్టర్ హోరు, మెర్విన్ గొంతు, అన్నీ స్పష్టంగా వినపడతాయి. అందుకే ఆ కందిబద్ద దొరికిన రోజు అంత ఏడ్చాను. నా చెవులు ఇంకా బతికే ఉన్నాయని ఎవరో సాక్ష్యం చెప్పినట్టనిపించింది. ఫోన్‌లో నీ గొంతు వినపడదు. సిగ్నల్ బాగానే ఉంటుంది.

కచేరీ హాలు సంగతి కూడా చెప్పేస్తాను. అక్టోబరులో పెద్ద పియానోని పొద్దున్నే శ్రుతి చేసి ఇంటికి వచ్చాను గుర్తుందా? స్కార్ఫు మరిచిపోయి మధ్యాహ్నం వెనక్కి వెళ్లాను. గాజు తలుపులోంచి నువ్వు కనపడ్డావు. పియానో మూత తెరిచి, పైమెట్ల దగ్గర వంగి, నేను బిగించినదాన్ని విప్పి మళ్లీ బిగిస్తున్నావు. దొంగతనం చేస్తున్నట్టు మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నావు. నేను వెనక్కి తిరిగి వెళ్లిపోయాను. వారానికల్లా మోకాళ్లు నొప్పులని చెప్పి కొట్టు నీకు ఇచ్చేశాను. నీ మీద కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. పదిహేడేళ్లు నా పక్కన నిలబడి నేర్చుకున్న పిల్ల, నా తప్పు నాకన్నా ముందు పట్టుకుంది, నాతో ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

ఇద్దరం ఏమీ అనకపోవడం వల్ల ఒక మనిషి గంటన్నరసేపు చీకటి గోతిలో ఈల ఊదుకుంటూ కూర్చున్నాడు.

రేపు మెర్విన్ ఇంటికి వెళ్లి నిజం చెబుతాను. డిటెక్టర్ అమ్మేస్తాను. నాలాంటిది ఎవరికీ తోడుగా అడవికి వెళ్లకూడదు. ఆ ముద్ద పిండి డబ్బాలో మేజోడులో చుట్టి ఉంది, తీసి చూడబుద్ధి కావడం లేదు. నువ్వు జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

గ్లెనిస్


టార్నగుల్లా,
సెప్టెంబరు 14.

అమ్మడూ ఐల్సా,

నీ జవాబు జూన్ ఆఖర్లోనే అందింది. రెండున్నర నెలలు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాను. కారణం మోకాళ్లు కాదు, సిగ్నలూ కాదు. కోపం. ఇకమీదట నీతో కారణాలు ఉన్నవి ఉన్నట్టే చెబుతాను.

వరసగా చెబుతాను. ఆ ఉత్తరం పోస్టులో వేసిన మర్నాడు మెర్విన్ ఇంటికి వెళ్లాను. సోఫాలో కాలు చాపుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే, "రావమ్మా నా ప్రాణదాతా" అన్నాడు. నిలబడే చెప్పాను.

"హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయి మెర్విన్. నీ ఈల నాకు వినపడలేదు. పక్కన నిలబడి ఊదినా వినపడదు."

"ఎప్పటినుంచి?"

"ఎనిమిదేళ్లనుంచి."

అతని మొహంలో నవ్వు మెల్లగా పోయింది. "ఈలలు మెడలో వేసుకున్న రోజు ఇద్దరం ఊది చూశాం కదా. బాగా మోగుతోందన్నావు."

"అన్నాను."

"గంటన్నర ఊదాను. ఇదిగో వస్తుంది, ఇదిగో వస్తుంది అనుకుంటూ ఊదాను. మధ్యలో ఒకసారి, నీకే ఏమైనా అయిందేమోనని భయపడ్డాను. ఆ గోతిలో కూర్చుని నీకోసం భయపడ్డాను తెలుసా?" అన్నాడు. తర్వాత మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "తలుపు దగ్గరగా వేసి వెళ్లు, చలిగాలి వస్తోంది" అన్నాడు ఆఖరికి.

ఆ తర్వాత వారానికి నీ ఉత్తరం వచ్చింది. కచేరీ హాలు ఒక్కటే అనుకున్నాను. నువ్వేమో నాలుగేళ్లు అని రాశావు. నాలుగేళ్లు ఐల్సా. నేను ఇవాళ శ్రుతి చేసిన ప్రతి పియానో దగ్గరికీ మర్నాడు నువ్వు సైకిలేసుకుని వెళ్లి, గ్లౌజులు మరిచిపోయానని చెప్పి, పై రెండు స్థాయిలూ సరిచేసి వచ్చేదానివి. కొన్నాళ్లకి గ్లౌజుల మాట కూడా అక్కర్లేకపోయింది, ఎందుకంటే వాళ్లందరికీ తెలుసు. బడిలో సంగీతం మాస్టారికి తెలుసు, చర్చిలో పాస్టరుకి తెలుసు. మిసెస్ పెట్టిఫర్ నేను వచ్చిన రోజున బిస్కట్లు పెట్టి, నువ్వు వచ్చే రోజుకని కేకు దాచేదట. ఆ మాట చదివి ఉత్తరం నేలకేసి కొట్టాను. నలభై నాలుగేళ్లు ఆవిడ పియానో చూశాను, ఒక్కనాడూ కేకు పెట్టలేదు.

నిజంగా చెబుతున్నాను, అలాంటి కోపం నా జన్మలో రాలేదు. ఊరు ఊరంతా నా వీపు వెనక నన్ను చంటిపిల్లలా చూసుకుందని తెలిస్తే ఎలా ఉంటుంది? నాలుగేళ్లపాటు నేను గొప్పగా తల ఎత్తుకుని నడిచిన వీధులన్నీ గుర్తొచ్చాయి. నీకు ఉత్తరం రాయడానికి కూర్చుని, రాయకూడని మాటలు రాసి, పొయ్యిలో వేశాను. అలా నాలుగైదు వేశాను.

జూలై మధ్యలో ఒక పొద్దున్న వాకిట్లో టక్కుటక్కుమని చప్పుడైంది. ఊతకర్రలు, వెనక మెర్విన్. లోపలికొచ్చి బల్లమీద ఒక చీటీ పెట్టాడు. చెవుల పరీక్ష చేసేవాళ్లది.

"గురువారం పది గంటలకి, బెండిగోలో. బండి నువ్వే నడపాలి, నా కాలు కట్టులో ఉంది."

"కోపం పోయిందా?" అన్నాను.

"పోలేదు. కోపంతోనే వచ్చాను. ఒక్కణ్ణే ఇంట్లో కూర్చుని కోప్పడుతుంటే పొద్దు పోవడం లేదు. ఏదీ, ఆ రోజు దొరికింది చూపించు. నేను గోతిలో సంగీతకచేరీ చేస్తుంటే నువ్వు తవ్వుకున్నది ఎంతుందో చూసే హక్కు నాకుంది."

పిండి డబ్బాలోంచి మేజోడు తీసి ఇచ్చాను. అరచేతిలో ఎగరేసి చూశాడు, మాంసం తూచినట్టు. "ఔన్స్ మీద చిటికెడు" అన్నాడు. ఆ తర్వాత తూకం వేస్తే అంతే ఉంది. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. అతని కళ్లు ఎలా మెరిశాయో నువ్వు చూడాల్సింది. ఆరేళ్లలో అతనికి అందులో మూడోవంతు ముక్క కూడా దొరకలేదు.

"ఇది నువ్వే ఉంచుకో మెర్విన్. నాకొద్దు."

"నాకెందుకు? అమ్మేసి చెవులు కొనుక్కో. సర్కారువాళ్లు ఉచితంగా ఇచ్చేవి కాదు, మంచివి కొనుక్కో. మళ్లీ నేను పడితే వినపడాలి. నేను మళ్లీ పడతాను, నా సంగతి నాకు తెలుసు." అంటూనే బల్లమీద నలిగిపోయి ఉన్న నీ ఉత్తరం చూశాడు. చదవమని నేనే ఇచ్చాను. పూర్తిగా చదివి, మడత పెట్టి, "నాలుగేళ్లు ఊరికే చేసిందా?" అన్నాడు.

"ఊరికేనే."

"ఎందుకు చేసిందో రాసింది చదివావా, కేకు దగ్గరే ఆగిపోయావా?"

చదివాను. కానీ చదవలేదు. అతను వెళ్లాక కూర్చుని మళ్లీ చదివాను. "మీకు చెబితే మీరు ఆ రోజే మానేస్తారు. మీరు లేకుండా ఆ కొట్టు తెరవడం నాకు చేతకాదు. అందుకని చెప్పలేదు. అది మీకోసం కాదు, నాకోసం" అని రాశావు. ఎంత పిచ్చిదానివే. ఇంకో పేజీ చివర, "ఎవరైనా పరుగెత్తాల్సిన అవసరం వస్తుందని నేను ఊహించలేదు, నన్ను క్షమించండి" అని కూడా ఉంది. ఆ మాట నేను అనాలి, నువ్వు కాదు. నాకు చెప్పకపోవడం నీ తప్పు, నిన్ను అడగకపోవడం నా తప్పు. గాజు తలుపు తోసుకుని లోపలికొచ్చి, "ఏం చేస్తున్నావే?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

పరీక్ష గదిలో తలుపు మూసి, చెవులకి ఒకదాని తర్వాత ఒకటి స్వరాలు వినిపించారు. గీత గీసి చూపించారు. ఎడమపక్క, కింది స్వరాల దగ్గర, మైదానంలా చదునుగా ఉంది, కుడిపక్క, పైస్వరాల దగ్గర, కొండచరియలా కూలిపోయింది. "కింది స్వరాలు ఇరవయ్యేళ్ల పిల్లకి వినపడినట్టు వినపడుతున్నాయి మీకు" అంది ఆ డాక్టరమ్మ. బయట కూర్చున్న మెర్విన్‌కి ఆ ఒక్క ముక్కే చెప్పాను. "మిగతాది?" అన్నాడు. అది కూడా చెప్పాను. చెప్పడం మెల్లగా అలవాటవుతోంది.

ముద్ద అమ్మేశాను. అమ్మే ముందు ఒక రోజంతా జేబులో పెట్టుకుని తిరిగాను. ఆగస్టు మొదట్లో చెవుల్లో కొత్త యంత్రాలు పెట్టారు. మొట్టమొదట వినపడింది ఏమిటో తెలుసా? నా కోటే. చెయ్యి కదిపితే చాలు గరగరలాడుతోంది. ఇన్నాళ్లూ ఇంత రొద చేసే కోటు వేసుకుని తిరిగానన్నమాట. తర్వాత కుళాయి, కాగితం, బండి తాళాలు, మెర్విన్ కట్టుడు పళ్లు. ఆ పళ్ల సంగతి అతనికి చెప్పలేదు. ఇంటికొచ్చాక వాకిట్లో నీలం రంగు పిట్ట ఒకటి తోక ఎగరేస్తూ నోరు తెరిస్తే, సూదుల పొట్లం ఒలికినట్టు పాట. ఎనిమిదేళ్లుగా పిల్లుల మీద నింద వేశాను.

డిటెక్టర్ అమ్మలేదు. అమ్మనివ్వలేదు అనాలి. ఇప్పుడు వారానికి మూడుసార్లు వెళుతున్నాం, గోతుల్లేని చోటికే, ఒకరికొకరు కనపడేంత దూరంలోనే. మెర్విన్ మడత కుర్చీలో కాలు చాపుకుని కూర్చుని నన్ను అటు వెళ్లు, ఇటు వెళ్లు అని తోలుతుంటాడు. వాటిల్ పూలు అడవంతా పసుపుపచ్చగా పూశాయి. పోయిన శనివారం రెండు గింజలు దొరికాయి, ఒకటి అతనికి, కుర్చీలోంచి దిగకుండా. కుర్చీ కాలి కిందే ఉంది. ఆ రోజునుంచి అతనితో మాట్లాడ్డం కష్టంగా ఉంది.

ఇక చివరి సంగతి. పోయిన ఆదివారం నీకు చెప్పకుండా బల్లరాట్ వచ్చాను. కచేరీ హాల్లో పియానో వాయిస్తుంటే ఆఖరి వరసలో, స్తంభం వెనక కూర్చున్నాను. నువ్వు పక్క తలుపు దగ్గర నిలబడి, ఎప్పట్లాగే ఎడమచేతి గోళ్లు కొరుక్కుంటూ విన్నావు. నా తర్వాత ఆ పియానో పదకొండు నెలలుగా నీ చేతిలో ఉంది. కింది స్థాయి బంగారం ఐల్సా. మధ్యస్థాయి నేను నా మంచి రోజుల్లో కూడా అంత బాగా చెయ్యలేదు. కళ్లు మూసుకుని పైకి, ఇంకా పైకి విన్నాను. తారస్థాయి మొత్తం వినపడింది. ఒక్కొక్క మెట్టూ వినపడింది.

చిట్టచివరి నుంచి నాలుగోది వెంట్రుకవాసి ఎక్కువ బిగించావు.

నాకలా అనిపించింది. తప్పు నీదో, నా చెవిలో ఉన్న ఈ యంత్రానిదో నాకు తెలియదు. ఈ మాట నీకు రాయాలా వద్దా అని వారంరోజులు ఆలోచించాను, చివరికి రాయకూడదన్న ఆలోచనే మనిద్దరి కొంపా ముంచిందని గుర్తొచ్చి రాస్తున్నాను. బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి హాలు తాళం తీసి ఉంచు. ఇద్దరం ఒకే పియానో ముందు కూర్చుని తేల్చుకుందాం. తప్పు నీదైతే నువ్వు సరిచెయ్యి, నేను పక్కన నిలబడతాను.

నీ గ్లెనిస్